చూసే కన్ను, ఆపే చెయ్యి

1924లో, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే, రెండు దేశాల్లో రెండు పనులు జరిగాయి. అమెరికాలో టెలిఫోన్ పరికరాలు తయారుచేసే వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీ ఉద్యోగి వాల్టర్ షూహార్ట్, మే 16న తన పై అధికారికి ఒక చిన్న నోట్ పంపాడు. అందులో ఒక పటం ఉంది. మధ్యలో సగటు గీత, పైనా కిందా హద్దు గీతలు, వాటి నడుమ వరసగా కొలతల చుక్కలు. నేటికీ కర్మాగారాల నాణ్యతా విభాగాల్లో కనిపించే కంట్రోల్ చార్ట్ అలా పుట్టింది. అదే ఏడాది జపాన్‌లో సకిచి టొయోడా తన జి-రకం ఆటోమేటిక్ మగ్గాన్ని పూర్తిచేశాడు. దారం తెగితే ఆ మగ్గం తనంతట తానే ఆగిపోతుంది. పాడైన గుడ్డను గజాల కొద్దీ నేసుకుంటూ పోదు. ఇవాళ స్మార్ట్ తయారీ అంటున్నదంతా ఈ రెండు పనుల కొనసాగింపే. తప్పు జరుగుతోందని గుర్తించడం ఒకటి, గుర్తించగానే ఆపడం ఇంకొకటి. ఈ వందేళ్లలో గుర్తించడం మీద కోట్లకు కోట్లు, తరాల మేధస్సు ఖర్చుపెట్టాం. ఆపడాన్ని మాత్రం ఆయా యాజమాన్యాల ఇష్టానికి వదిలేశాం. తయారీలో డేటా విశ్లేషణ ఎక్కడ ఫలించిందో, ఎక్కడ బోర్లాపడిందో పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోస్తున్నది ఇది: విశ్లేషణకు విలువ వచ్చేది కొలత సరైన చోట ఉన్నప్పుడు, ఆ కొలతను నమ్మగలిగినప్పుడు, దాన్ని చూసిన మనిషికి చెయ్యి కదిపే అధికారం ఉన్నప్పుడు. గణిత నమూనా ఎంత గొప్పదనేది ఆ తర్వాతి ప్రశ్న.

కొత్తగా వచ్చిందేమీ లేదని దీని అర్థం కాదు. 2011లో జర్మనీలోని హానోవర్ పారిశ్రామిక ప్రదర్శనలో ‘ఇండస్ట్రీ 4.0’ అనే మాట వినిపించే నాటికే సెన్సర్లు చవకయ్యాయి. యంత్రాన్ని నడిపే పీఎల్‌సీలు, వాటిని ఒక్క చోట నుంచి గమనించే స్కాడా తెరలు మామూలయ్యాయి. సెకను సెకనుకూ వచ్చే ఉష్ణోగ్రత, పీడనం, కరెంటు, కంపనం ఏళ్ల తరబడి దాచుకోవడం పెద్ద ఖర్చు కాకుండా పోయింది. షూహార్ట్ కాలంలో గంటకో కొలత తీసి చేత్తో చుక్క పెట్టేవారు. ఇప్పుడు ఒక యంత్రం ఒక్క షిఫ్టులో లక్షల చుక్కలు పెడుతుంది. అయినా షూహార్ట్ అడిగిన ప్రశ్న మారలేదు. ఏ యంత్రంలోనైనా కొంత హెచ్చుతగ్గు సహజంగానే ఉంటుంది, దానికి ఫలానా కారణమంటూ ఉండదు. అప్పుడప్పుడు దానిమీద ఇంకో రకం హెచ్చుతగ్గు వచ్చి చేరుతుంది. అరిగిన పనిముట్టు, మారిన ముడిసరుకు, తప్పుగా బిగించిన బోల్టు లాంటి పట్టుకోదగ్గ కారణం దానికి ఉంటుంది. మొదటి రకాన్ని రెండోదిగా పొరబడి ప్రతి చుక్కకూ సెట్టింగు మారుస్తూ పోతే నాణ్యత ఇంకా దిగజారుతుంది. లక్షల చుక్కలున్న చోట ఈ పొరపాటుకు అవకాశమూ లక్షల రెట్లు.

ఈ చరిత్రలో మన దేశం పాత్రను తక్కువగా చెప్పుకుంటాం. 1947-48లో షూహార్ట్ ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ఆహ్వానంపై ఇక్కడికి వచ్చాడు. అమెరికా గణాంకవేత్త డెమింగ్ జపాన్ ఇంజినీర్లకు పాఠాలు చెప్పింది ఆ తర్వాత, 1950లో. షూహార్ట్‌ను ఆహ్వానించిన ఆ సంస్థను స్థాపించిన పి.సి.మహలనోబిస్ 1936లో ప్రతిపాదించిన దూరపు కొలతే ఈనాటి కర్మాగారాల్లో అసహజ స్థితిని పసిగట్టే ఎన్నో సాఫ్ట్‌వేర్ల అడుగున ఉంది. మనుషుల శరీర కొలతలను బట్టి సమూహాలను పోల్చే పనిలోంచి పుట్టిన ఆ సూత్రం యంత్రాలకు ఎలా పనికొచ్చిందో చూడాలి. ఒక రియాక్టర్‌లో ఉష్ణోగ్రత హద్దులోనే ఉంది, పీడనమూ హద్దులోనే ఉంది, కలిపే మోటారు లాగే కరెంటూ హద్దులోనే ఉంది. విడివిడిగా చూస్తే అంతా సవ్యమే. కానీ ఆ ఉష్ణోగ్రత దగ్గర ఆ పీడనం, ఆ కరెంటు కలిసి రావడం ఇంతకు ముందెన్నడూ జరగలేదు. విడివిడి చార్టులు చూసే కంటికి దొరకని ఈ తేడా, కొలతల మధ్య సంబంధాన్ని కూడా లెక్కలోకి తీసుకునే మహలనోబిస్ దూరానికి దొరుకుతుంది. డేటా విశ్లేషణ నిజంగా కొత్త చూపు ఇచ్చేది ఇక్కడే. ఒక మనిషి ఒకేసారి నలభై కొలతల పరస్పర సంబంధాన్ని మనసులో పట్టుకోలేడు.

యంత్రాల మరమ్మతులో ఈ చూపు సాధించింది తక్కువేమీ కాదు. నెలకోసారి విప్పి చూడడం, ఇన్ని గంటలకు ఫలానా భాగం మార్చడం అనే పాత పద్ధతి తర్కబద్ధంగానే కనిపిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్ వాయుసేన తీరరక్షక విమానాల లెక్కలు పరిశీలించిన సి.హెచ్.వాడింగ్టన్‌కు వేరే సంగతి కనిపించింది. 50 గంటలకోసారి చేసే తనిఖీ ముగిసిన వెంటనే చెడిపోయేవి ఎక్కువగా ఉన్నాయి. బాగున్నదాన్ని విప్పడమే కొత్త లోపాలకు దారితీస్తోంది. 1978లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ఇంజినీర్లు నోలన్, హీప్ అమెరికా రక్షణ శాఖకు ఇచ్చిన నివేదిక ప్రకారం, వాళ్లు చూసిన విమాన భాగాల్లో వయసు మీరాక మార్చడం వల్ల ప్రయోజనం ఉండేవి దాదాపు 11 శాతమే. మిగిలినవి ఎప్పుడు చెడతాయో క్యాలెండర్ చెప్పలేదు, వాటి స్థితిని గమనిస్తేనే తెలుస్తుంది. బేరింగ్‌లో ఒక చిన్న పెచ్చు లేచిందనుకోండి, దానిమీదుగా గుండు దొర్లిన ప్రతిసారీ ఒక దెబ్బ తగులుతుంది. గుండ్ల సంఖ్య, బేరింగ్ కొలతలు, షాఫ్ట్ వేగం తెలిస్తే ఆ దెబ్బలు సెకనుకు ఎన్ని పడాలో ముందే లెక్కగట్టవచ్చు. కంపన సంకేతంలో ఆ పౌనఃపున్యం దగ్గర శక్తి పెరుగుతోందంటే లోపం ఎక్కడుందో కూడా చెప్పవచ్చు. ఇందులో మాయ లేదు, భౌతికశాస్త్రం ఉంది. అందుకే ఇది పనిచేస్తుంది. అయితే ఇక్కడ కూడా ఒక మెలిక ఉంది. హెచ్చరిక వచ్చాక భాగం విరగడానికి రెండు వారాలు పడుతుందనుకోండి. కొత్త బేరింగ్ తెప్పించడానికి ఆరు వారాలు పడుతుందనుకోండి. అప్పుడు ఎంత కచ్చితమైన జోస్యమైనా స్టోర్స్ విభాగం దగ్గర ఆగిపోతుంది.

ఈ ప్రశ్నను తెలుగు నేలమీద పరీక్షించాలంటే ఔషధ పరిశ్రమను మించిన చోటు లేదు. 1961లో ఏర్పడిన ప్రభుత్వ రంగ ఔషధ సంస్థ ఐడీపీఎల్ హైదరాబాద్‌కు తెచ్చిన రసాయన నైపుణ్యం చుట్టూ పెరిగిన ఈ రంగం ఇవాళ అమెరికా మందుల దుకాణాలకు సరుకు పంపుతోంది, అందువల్ల అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నిబంధనలకు లోబడి నడుస్తోంది. మాత్రల తయారీలో తడి గుళికలను ఆరబెట్టే దశ చూడండి. పాత పద్ధతిలో ఆపరేటర్ డ్రయ్యర్ ఆపి, నమూనా తీసి, ప్రయోగశాలకు పంపి, తేమ ఎంతుందో ఫలితం వచ్చేదాకా ఎదురుచూస్తాడు. తేమ ఎక్కువుంటే మళ్లీ ఆరబెట్టాలి. తక్కువైపోతే మాత్ర సరిగా అతకదు. 2004లో ఎఫ్‌డీఏ విడుదల చేసిన ప్రక్రియా విశ్లేషణ మార్గదర్శకం ఈ వరసను తిరగేయమంది. సమీప పరారుణ కిరణాల ప్రోబ్‌ను డ్రయ్యర్‌కే అమర్చి, తేమను అక్కడికక్కడే కొలిచి, సరైన క్షణంలో ఆపమంది. తయారయ్యాక పరీక్షించి పారేయడం కంటే తయారవుతున్నప్పుడే దారిలో పెట్టడం మేలన్న ఆలోచన అది. 2015లో వెర్టెక్స్ కంపెనీ సిస్టిక్ ఫైబ్రోసిస్ మందు ఆర్కంబి, బ్యాచ్‌లు లేకుండా నిరంతర ధారగా తయారయ్యే పద్ధతిలో అనుమతి పొందడానికి ఇలాంటి కొలతలే ఆధారం. అలాంటి ఉత్పత్తికి 2022లో ఐసీహెచ్ క్యూ13 పేరుతో అంతర్జాతీయ మార్గదర్శకం కూడా వచ్చింది. అదే ఏడాది ప్రపంచ ఆర్థిక వేదిక డిజిటల్ తయారీలో ముందున్న కర్మాగారాలతో తాను కూర్చే ‘లైట్‌హౌస్’ జాబితాలో బాచుపల్లిలోని డాక్టర్ రెడ్డీస్ యూనిట్‌ను చేర్చింది. గర్వించదగ్గ విషయమే. కానీ ఇలాంటి జాబితాల్లోకి గెలిచిన ప్రయోగాలే ఎక్కుతాయనీ, మధ్యలో అటకెక్కిన ప్రాజెక్టుల లెక్క ఎవరూ ప్రచురించరనీ గుర్తుపెట్టుకోవాలి. 2020 కల్లా ప్రపంచంలోని పది పెద్ద సాఫ్ట్‌వేర్ సంస్థల్లో ఒకటవుతామని ప్రకటించి ప్రత్యేక డిజిటల్ విభాగాన్ని పెట్టుకున్న జనరల్ ఎలక్ట్రిక్, 2018 నాటికే ఆ ఆశను కుదించుకోవాల్సి వచ్చింది.

అదే ఔషధ రంగం ఇంకో పాఠం కూడా చెప్పింది, కాస్త చేదుగా. 2010ల్లో కొన్ని భారతీయ కంపెనీలకు ఎఫ్‌డీఏ నుంచి వచ్చిన హెచ్చరిక లేఖల్లో మళ్లీ మళ్లీ కనిపించిన అభియోగం డేటా గురించే. ప్రయోగశాల యంత్రంలో ముందు ఒక అనధికార పరీక్ష చేసి చూసుకోవడం, ఫలితం బాగుంటేనే అసలు రికార్డులోకి ఎక్కించడం, బాగాలేనిదాన్ని చెరిపేయడం. 2018 డిసెంబరులో ఆ సంస్థ డేటా విశ్వసనీయత మీద తుది మార్గదర్శకం ఇచ్చింది. ప్రతి కొలతా ఎవరు తీశారో తెలియాలి, చదవగలిగేలా ఉండాలి, పని జరిగినప్పుడే రాసి ఉండాలి, అసలుదై ఉండాలి, కచ్చితంగా ఉండాలి. విశ్లేషకులు దీన్ని చట్టపరమైన లాంఛనంగా చూస్తుంటారు. నా దృష్టిలో మొత్తం కట్టడానికి పునాది ఇదే. చెడ్డ ఫలితాలు చెరిపేసిన రికార్డు మీద శిక్షణ పొందిన నమూనాకు ఆ కర్మాగారంలో ఎప్పుడూ ఏ తప్పూ జరగలేదనే తెలుస్తుంది. అక్కడ చెరిపినవాడి నైతికతను తిట్టి ఊరుకోవడం చాలదు. చెడ్డ అంకె చూపిస్తే బ్యాచ్ ఎందుకు పోయిందని ఉరిమే పై అధికారి, నెలాఖరు డిస్పాచ్ లక్ష్యం కూడా ఆ చెరిపివేతలో భాగస్వాములే. పనిచేసే చోటి నుంచి భయాన్ని తరిమేయాలని డెమింగ్ తన సూత్రాల్లో చేర్చింది మంచితనంతో మాత్రమే కాదు. భయం ఉన్నచోట గణాంకశాస్త్రం పనిచేయదని ఆయనకు తెలుసు.

కొలత ఎక్కడ పెట్టామన్నది ఎంత పెద్ద విషయమో 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం చెప్పింది. లాక్‌డౌన్ వల్ల ఆగి ఉన్న ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారంలో ఎం6 ట్యాంకులోని స్టైరీన్ అనే ద్రవ రసాయనం తనలో తాను గొలుసు చర్య మొదలుపెట్టి, వేడెక్కి, ఆవిరై ఆర్.ఆర్.వెంకటాపురం మీద పడింది. 12 మంది చనిపోయారు. దర్యాప్తు కమిటీలు తేల్చినదాంట్లో చల్లబరిచే వ్యవస్థను రోజంతా నడపకపోవడం ఉంది, గొలుసు చర్యను అడ్డుకునే రసాయనం తగినంత లేకపోవడం ఉంది. వాటితో పాటు మన చర్చకు నేరుగా సంబంధించిన ఒక అంశం ఉంది: ట్యాంకులో ఉష్ణోగ్రతను కొలిచింది అడుగు భాగంలోనే. చల్లటి ద్రవం కిందికి చేరుతుంది, వేడి పైకి చేరుతుంది. పై పొరల్లో ఏం జరుగుతోందో చెప్పే సాధనం అక్కడ లేదు. లాగ్‌బుక్‌లో నమోదైన అంకె నిజమే, తప్పుడు రాత కాదు. అది ట్యాంకు గురించి చెప్పిన అంకె కాదు, ట్యాంకు అడుగు గురించి చెప్పిన అంకె. ఆ అంకెల మీద ప్రపంచంలోని ఏ న్యూరల్ నెట్‌వర్క్‌ను నడిపినా ‘అంతా సవ్యం’ అనే చెప్పి ఉండేది. పై పొరల్లో ఇంకో రెండు ఉష్ణమాపకాలు ఉండి ఉంటే కృత్రిమ మేధ ఏదీ అక్కర్లేదు, మామూలు అలారం చాలు. కమిటీ ఇంకో సంగతి కూడా రాసింది. సైరన్ మోగించే ఏర్పాటు కర్మాగారంలో చాలా చోట్ల ఉంది, ఎవరూ మోగించలేదు. కన్ను సగమే చూసింది, చెయ్యి అసలు కదలలేదు.

పెట్టిన కొలత నమ్మదగ్గది కాకపోతే ఏమవుతుందో 2005లో అమెరికాలోని టెక్సాస్ సిటీ రిఫైనరీలో తేలింది. ఒక స్తంభంలో ద్రవమట్టం 150 అడుగులు దాటిపోతుండగా కంట్రోల్ రూమ్ తెర మీద 10 అడుగుల లోపు, అదీ తగ్గుతున్నట్టు కనిపించింది. మట్టం కొలిచే పరికరాన్ని తప్పుడు సాంద్రత ఆధారంగా క్యాలిబ్రేట్ చేశారు. మట్టం మరీ పెరిగితే మోగాల్సిన విడి అలారం మోగలేదు. పేలుడులో 15 మంది చనిపోయారు. మరి అన్నీ కొలిచి, అన్నీ మోగిస్తే? 1994లో వేల్స్‌లోని మిల్ఫర్డ్ హేవెన్ రిఫైనరీలో పేలుడుకు ముందు చివరి 11 నిమిషాల్లో ఇద్దరు ఆపరేటర్ల ముందు 275 అలారాలు మోగాయి. ప్రతిదీ ముఖ్యమైనప్పుడు ఏదీ ముఖ్యం కాకుండా పోయింది.

ఈ అలారాల వరదకు సరికొత్త పద్ధతులు కట్ట వేస్తాయని ఆశించేవాళ్లు ఒక చిన్న లెక్క చూడాలి. 2016లో బాష్ కంపెనీ తన ఉత్పత్తి లైన్ల డేటాను పోటీ కోసం బహిరంగపరిచింది. దాదాపు 12 లక్షల భాగాల కొలతలు అందులో ఉన్నాయి, వాటిలో లోపం తేలినవి వెయ్యికి ఆరు కూడా లేవు. మంచి కర్మాగారాలన్నీ ఇలాగే ఉంటాయి; తప్పులు అరుదు. ఇప్పుడు లోపాల్లో 95 శాతం పట్టుకునే, మంచి భాగాల్లో 5 శాతాన్ని మాత్రమే పొరపాటున అనుమానించే నమూనా ఉందనుకుందాం. వినడానికి అద్భుతంగా ఉంది. 10,000 భాగాల్లో 60 లోపమున్నవైతే అది 57 పట్టుకుంటుంది; మిగిలిన 9,940 మంచి భాగాల్లో 497 మీద కూడా గంట కొడుతుంది. అంటే మోగిన ప్రతి పది గంటల్లో తొమ్మిది అబద్ధం. వారం తిరక్కుండా ఆపరేటర్ ఆ గంటను పట్టించుకోవడం మానేస్తాడు. అది అతని నిర్లక్ష్యం కాదు, అనుభవం నేర్పిన తెలివి. అందుకే నమూనా కచ్చితత్వం ఎంత శాతమని అడగడం చాలదు. ఎన్ని హెచ్చరికలకు ఎన్ని నిజమయ్యాయో, ప్రతి హెచ్చరికకూ షిఫ్టులో ఎవరు ఏ పని చేయాలో అడగాలి.

నా వాదనకు వచ్చే బలమైన అభ్యంతరం గణితం వైపు నుంచే వస్తుంది. డేటా తగినంత పెద్దదైతే కొలతల లోపాలు వాటంతటవే సర్దుకుంటాయనీ, కారణాలు మనం చెప్పకపోయినా యంత్రాభ్యాసం తవ్వి తీస్తుందనీ అంటారు. యాదృచ్ఛికమైన చిన్న లోపాల విషయంలో ఇది నిజమే. కానీ అడుగున మాత్రమే పెట్టిన ఉష్ణమాపకం లోపం యాదృచ్ఛికం కాదు. పదేళ్ల డేటా పోగుచేసినా అది పదేళ్లూ ఒకే వైపు చూస్తుంది. దీనికంటే లోతైన చిక్కు ఇంకోటి ఉంది. బాగా నడిచే ప్లాంటులో ముఖ్యమైన ఉష్ణోగ్రతను డిగ్రీ కూడా కదలనివ్వరు. కదలని దానికీ నాణ్యతకూ మధ్య డేటాలో ఏ సంబంధమూ కనిపించదు. నమూనా దాన్ని అనవసరమైన అంశాల జాబితాలో వేస్తుంది. ఉత్పత్తి మొత్తం దానిమీదే ఆధారపడి ఉందని తెలిసింది ఆపరేటర్‌కు, కెమికల్ ఇంజినీర్‌కు మాత్రమే. ఒకదాన్ని మారిస్తే ఏమవుతుందో తెలియాలంటే దాన్ని కావాలని మార్చి చూడాలి. గణాంకవేత్త జార్జ్ బాక్స్ 1957లోనే ఇందుకు దారి చూపాడు. ఉత్పత్తి ఆపకుండా, సురక్షితమైన పరిధిలో సెట్టింగులను ఒక పద్ధతి ప్రకారం కొద్దికొద్దిగా జరుపుతూ, వచ్చిన తేడాను గమనిస్తూ ముందుకెళ్లే విధానం అది. పోగుపడిన డేటాను తవ్వడానికి పెడుతున్న ఖర్చులో పదో వంతు ఇలాంటి ప్రయోగాల మీద పెడితే ఎక్కువ తెలుస్తుందని నా నమ్మకం.

రెండో అభ్యంతరం కార్మికుల వైపు నుంచి వస్తుంది. యంత్రం మీద పెట్టిన సెన్సర్ రేపు మనిషి మీద నిఘా అవుతుందని. పనిని సెకన్లలో కొలిచిన టేలర్ స్టాప్‌వాచ్‌ను చూసిన శ్రామికవర్గానికి ఈ భయం ఊరికే పుట్టలేదు. యంత్రం ఎంతసేపు ఆగిందో చెప్పే అంకెలోంచి ఆపరేటర్ ఎంతసేపు ఆగాడో లాగడం తేలిక. జర్మనీలో కార్మికుల ప్రవర్తనను, పనితీరును పర్యవేక్షించగల సాంకేతిక పరికరం పెట్టాలంటే అక్కడి వర్క్స్ కౌన్సిల్ సమ్మతి చట్టప్రకారం తప్పనిసరి. దాన్ని పరిశ్రమకు అడ్డంకిగా చూసేవాళ్లున్నారు. నాకది విశ్లేషణకు రక్షణగా కనిపిస్తుంది. తన అంకె తనను శిక్షించదని నమ్మకం ఉన్న మనిషే యంత్రం ఆగిన అసలు కారణం రాస్తాడు. లేకపోతే ఆగిన ప్రతిసారీ ‘ఇతర కారణాలు’ అనే గడి నిండుతుంది.

చిన్న పరిశ్రమల సంగతి వేరు. బాలానగర్‌లోనో, జీడిమెట్లలోనో పదిమందితో నడిచే మెషిన్ షాపుకు ఇదంతా తలకు మించిన భారమనే మాటలో నిజముంది, కానీ అది పూర్తి నిజం కాదు. మోటారు కరెంటు కొలిచే చవక సెన్సర్ ఒకటి పాత లేత్‌కు తగిలిస్తే, అది రోజులో ఎన్ని గంటలు నిజంగా లోహం కోసిందో తెలుస్తుంది. కొలతల చార్ట్ చేత్తో గీసినా పనిచేస్తుంది. 1924లో గీసింది అలాగే. నిజమైన అడ్డంకి వేరే చోట ఉంది. యంత్రం అమ్మిన కంపెనీ దాని డేటాను తన సర్వర్లలో పెట్టుకుని, కొన్నవాడికే అద్దెకు ఇస్తోంది. యూరప్‌లో 2025 సెప్టెంబరు 12 నుంచి అమల్లోకి వచ్చిన డేటా చట్టం, నెట్‌కు అనుసంధానమైన యంత్రం పుట్టించే డేటా మీద దాన్ని వాడే వాడికి హక్కు ఇచ్చింది. ఇక్కడ ఆ సంగతి కొనుగోలు ఒప్పందంలోని చిన్న అక్షరాల మీద ఆధారపడి ఉంది, వాటిని బేరమాడి మార్చే బలం చిన్న యజమానికి లేదు.

ప్రభుత్వాలు స్మార్ట్ తయారీకి రాయితీలు ఇవ్వాలనుకుంటే ఆ డబ్బు సాఫ్ట్‌వేర్ లైసెన్సులకూ, గోడకు వేలాడే డాష్‌బోర్డులకూ పోకుండా చూడాలి. చేతులు కాలాక ఆకులు చూపించే తెరలు ఇప్పటికే చాలా ఉన్నాయి. పారిశ్రామికవాడకో క్యాలిబ్రేషన్ కేంద్రం పెట్టి, చిన్న యూనిట్ తన గేజీలను తక్కువ రుసుముకు ఏడాదికోసారి సరిచూసుకునే ఏర్పాటు చేయాలి. ప్రమాదకర రసాయనాలు నిల్వచేసే ప్రతి ట్యాంకులో ఏ ఎత్తుల్లో ఉష్ణోగ్రత కొలుస్తున్నారో అనుమతి పత్రంలోనే రాయించాలి. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ నాణ్యతా నియంత్రణ విభాగం హైదరాబాద్‌లోనే ఉంది. ఐటీఐ పిల్లలకు, షిఫ్ట్ ఆపరేటర్లకు కంట్రోల్ చార్ట్ చదవడం తెలుగులో నేర్పే పాఠ్యాంశం దాని సాయంతో తయారుచేయించడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. ఆ పాఠంలో చివరి అధ్యాయం లెక్కల గురించి కాకుండా, చుక్క హద్దు దాటినప్పుడు లైన్ ఆపిన ఆపరేటర్‌ను ఎవరూ ప్రశ్నించకూడదని యాజమాన్యం రాతపూర్వకంగా ఇవ్వాల్సిన హామీ గురించి ఉండాలి.